వేరుశనగ రైజోబియం గుర్తింపు: భౌతిక, జీవక్రియా లక్షణాలు

వేరుశనగ వేరు బుడిపెను నలిపి మాధ్యమంపై గీసినప్పుడు పెరిగేదంతా రైజోబియం కాదు. అగ్రోబాక్టీరియం వంటివి రూపంలో దానిని పోలి ఉన్నా బుడిపెలు కట్టవు, నత్రజనిని అందించవు. అటువంటిది మాతృవర్ధనంగా ఎంపికైతే దాని నుంచి తయారైన జీవన ఎరువు పొట్లాలన్నీ నిష్ఫలమే. ఆ సంగతి రైతుకు పైరు పాలిపోయాక గాని తెలియదు.

చితకని బుడిపెలను ఇథనాల్‌తోను, సోడియం హైపోక్లోరైట్‌తోను శుద్ధిచేసి, సూక్ష్మజీవిరహిత నీటితో పలుమార్లు కడగాలి. చివరి కడుగు నీటిని కూడా మాధ్యమంపై పూసి చూడాలి. దానిలో పెరుగుదల కనిపిస్తే ఆ నమూనాను వదలివేయడమే మేలు.

ఈస్ట్ సారం, మానిటాల్, అగర్ గల మాధ్యమానికి కాంగో రెడ్ చేర్చి, 28 డిగ్రీల సెల్సియస్ వద్ద చీకటిలో ఉంచాలి. రైజోబియం సమూహాలు ఆ రంగును అంతగా పీల్చుకోక తెల్లగా, జిగురుగా, ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. వెలుతురు సోకితే అవి కూడా ఎరుపెక్కవచ్చు. చీకటి నియమం అందుకే. సూక్ష్మదర్శిని కింద ఇవి గ్రామ్ రుణాత్మక కడ్డీలు, సిద్ధబీజాలు ఉండవు.

అసలు చిక్కు పెరుగుదల వేగంలో ఉంది. వేరుశనగలో బుడిపెలు కట్టేది ప్రధానంగా బ్రాడీరైజోబియం. దీని సమూహాలు 5 నుంచి 7 రోజులకు గాని స్పష్టంగా కనిపించవు. అప్పటికీ పరిమాణం సుమారు 1 మిల్లీమీటరే. మూడవ రోజున నిండుగా పెరిగినదానిని ఎంచుకొనే తొందరపాటు వల్ల తరచు కలుషితమే చేతికి వస్తుంది. బ్రోమోథైమాల్ బ్లూ పరీక్ష ఇక్కడ తోడ్పడుతుంది. వేగంగా పెరిగే రైజోబియం ఆమ్లాన్ని విడుదల చేసి మాధ్యమాన్ని పసుపుగా మారుస్తుంది. బ్రాడీరైజోబియం క్షారగుణం వల్ల అది నీలిరంగుకు తిరుగుతుంది. వేరుశనగ నమూనా రెండు మూడు రోజులలోనే పసుపు రంగునిస్తే అనుమానించవలసినదే.

గ్లూకోజ్ పెప్టోన్ మాధ్యమంపై రైజోబియం అంతంతమాత్రంగా పెరుగుతుంది, అగ్రోబాక్టీరియం పుష్కలంగా పెరుగుతుంది. లాక్టోజ్ మాధ్యమంపై బెనెడిక్ట్ ద్రావణం పోసినప్పుడు సమూహం చుట్టూ పసుపు వలయం ఏర్పడితే అది కీటోలాక్టోజ్‌కు గుర్తు. రైజోబియం దానిని ఉత్పత్తి చేయదు.

ఈ పరీక్షలు కానివాటిని ఏరివేయగలవే తప్ప రైజోబియం అని నిర్ధారించలేవు. శుద్ధిచేసిన ఇసుకలో, నత్రజని లేని పోషక ద్రావణంతో వేరుశనగ మొక్కలను పెంచి, వర్ధనం పట్టించినవాటిని పట్టించనివాటితో పోల్చాలి. పట్టించని మొక్కలకు బుడిపెలు లేకుండా, పట్టించినవాటి బుడిపెలు కోస్తే లోపల లెగ్‌హిమోగ్లోబిన్ గులాబీ రంగు కనిపించినప్పుడే ఆ వర్ధనాన్ని పొట్లాల తయారీకి పంపాలి.