మన గోడమీది బొమ్మ గురించి ఎక్కడ వెతకాలి?



పోయిన వేసవి సెలవులకి నేను ఇంటికి వెళ్ళేసరికి మా అవ్వ ఇంటి లోపలి గోడకి సున్నం కొట్టేసి ఉంది. ఎర్రమట్టి పూసిన ఆ గోడమీద బియ్యప్పిండితో వేసిన సవర బొమ్మ ఉండేది. గుర్రాలు, మనుషులు, సూర్యుడు, చంద్రుడు అన్నీ ఒక చట్రంలో ఉండేవి. బడి తెరిచాక సోషల్ మాష్టారు ప్రాజెక్టు రాయమంటే నేను దాని గురించి రాశాను. మాష్టారు చదివి, "బాగుందిరా, మరి ఆధారం ఏది?" అన్నారు. నాకు సిగ్గేసింది. గోడే లేదు కదా, ఇంక ఆధారం ఎక్కడ తెచ్చేది? అప్పటినుండి వెతకడం మొదలుపెట్టాను. నేను నేర్చుకున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

1. ఒక్క పేరుతో వెతకరాదు. మనం సవర అంటాం. పుస్తకాల్లో సవర, సొర, సౌర, సావొరా, లాంజియా సావొరా అని రకరకాలుగా ఉంటుంది. బొమ్మకి కూడా ఇడితాల్, ఇట్టలన్ అని వేరువేరుగా రాశారు. ఇందులో 'ఇడ్' అంటే రాయడం. మొదట నేను ఒక్క స్పెల్లింగుతోనే వెతికి, ఏమీ లేదనుకున్నాను. పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకొని ఒక్కొక్కటే చూస్తే అప్పుడు దొరికాయి. మన పేరు మనం రాసినట్టు వేరేవాళ్ళు రాయలేదు. అందుచేత వాళ్ళు ఎలా రాశారో మనమే తెలుసుకోవాలి.

2. తెలిసిన వారిని మరువరాదు. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తాం కదా, ఆ గిడుగు రామమూర్తి పంతులు గారే (1863–1940) పర్లాకిమిడిలో మాష్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. తరువాత నిఘంటువు కూడా వచ్చింది. పాటలో ఒక మాట అర్థం కాకపోతే అందులో వెతకవచ్చు.

3. బొమ్మల పుస్తకములు. వెరియర్ ఎల్విన్ (1902–1964) ఇంగ్లండులో పుట్టి, మన దేశానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. 1940 దశకంలో ఒడిశా కొండల్లో సవరల ఇళ్ళకు వెళ్ళి గోడబొమ్మలు చూసి రాసుకున్నారు. 1951లో మధ్య భారత గిరిజన కళ మీద ఒక పుస్తకం, 1955లో సవరల మతం మీద ఇంకొక పెద్ద పుస్తకం వేశారు. చనిపోయిన వారి కోసం, రోగం పోవడానికి, పంట పండడానికి, పండుగలకు ఈ బొమ్మలు వేస్తారని రాశారు. అప్పటి బొమ్మల్లోనే సైకిలు, రైలు, విమానం కూడా ఉన్నాయండి! అంటే మనవాళ్ళు కొత్తగా చూసినదాన్ని కూడా గోడ మీదికి ఎక్కించారన్నమాట.

4. వాయిద్యముల గురించి. పేరు తెలియకపోయినా ఒక వాయిద్యాన్ని వెతకవచ్చు. శబ్దం దేని నుండి వస్తోందో చూడాలి. తీగ అయితే ఒక జాతి, గాలి ఊదేది ఒకటి, తోలు బిగించినది ఒకటి, తాళాల్లాగ మొత్తం మోగేది ఒకటి. నాట్యశాస్త్రంలో ఉన్న తతం, సుషిరం, అవనద్ధం, ఘనం అనే విభజన ఇదే. 1880లో బ్రస్సెల్స్ మ్యూజియంలో ఈ పద్ధతినే తీసుకున్నారు. 1914లో హార్న్‌బాస్టెల్, సాక్స్ అనే ఇద్దరు పండితులు దాన్ని పెంచి, అంకెలు వేశారు. చాలా మ్యూజియములు ఆ అంకెలనే వాడుతున్నాయి.

5. పాటల రికార్డులు. ఇది అమెరికా సంగతి. 1890 మార్చిలో ఫ్యూక్స్ అనే ఆయన మైనపు గొట్టాల మీద పాసమక్వాడీ అనే ఆదివాసుల పాటలు, కథలు రికార్డు చేశారు. ఊళ్ళకి వెళ్ళి చేసిన రికార్డుల్లో అవే మొదటివని చెబుతారు. ఆ గొట్టాలు దూరాన భద్రపరిచారు గాని, పాడినవారి మనవలకు చాలాకాలం అందలేదు. 1979లో అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు అలాంటి గొట్టాలకు నకళ్ళు తీసి ఆయా తెగలకు తిరిగి ఇచ్చే పని మొదలుపెట్టారు. ఆ తరువాత పాసమక్వాడీ పెద్దలే కూర్చుని విని, తమ భాషలో పేర్లు, అర్థాలు చేర్పించారు. కాబట్టి రికార్డు ఉంటే చాలదు, అది విని చెప్పే మనిషి కూడా ఉండాలి.

6. ఆఖరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. దసరా సెలవులకి ఎల్విన్ పుస్తకంలోని ఒక బొమ్మ కాగితం మీద ప్రింటు తీయించి అవ్వకి చూపించాను. అవ్వ చాలాసేపు చూసింది. "ఇది మనవైపుది కాదురా, ఆ గుర్రం తీరు వేరు" అంది. మన గోడమీదిది ఎవరి కోసం వేశారని అడిగాను. జ్వరంతో పోయిన తన తమ్ముడి కోసం అని చెప్పింది. ఇన్నాళ్ళూ నాకు ఆ సంగతే తెలీదు. ఏ పుస్తకంలోనూ లేదు. అది వేసిన ముసలాయన పోయాడు, వేసేటప్పుడు చదివిన మాటలు అవ్వకి సగమే గుర్తున్నాయి. ఆ సగం నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది పైన రాశాను. ప్రింటు తీసుకెళ్ళకపోతే నేను ఆ ప్రశ్న అడిగేవాణ్ణే కాదు.

హాస్టలు గోడ మీద ఆ బొమ్మ వేస్తావా అని కొందరు మిత్రులు అడిగారు. అవ్వని అడిగితే, "అది పిలవడానికి వేస్తార్రా, అందానికి కాదు" అంది. అందుకని వేయలేదు. మీరూ ఎవరి దగ్గరైనా పాటగాని, బొమ్మగాని సేకరిస్తే రాసుకోవచ్చా, నలుగురికీ చూపించవచ్చా అని ముందు అడగండి. వద్దన్నది వద్దు.

మాష్టారు నా ప్రాజెక్టు మళ్ళీ చదివి, ఆధారం అన్నచోట అవ్వ పేరు మొదట రాయమన్నారు. ఎల్విన్ పేరు రెండోది.

మిత్రులారా, సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్కొక్కరూ ఒక్క పాటో, ఒక్క వాయిద్యమో అడిగి రాసుకొని రండి. సున్నం కొట్టకముందే అడగండి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
మీ మిత్రుడు,
9వ తరగతి