పొరుగువారు కూడా పలకగల పేరు
(వెబ్‌సైటుకు నామకరణం: కొన్ని సూత్రాలు)

ఊరికి, వీధికి పేరున్నట్లే వెబ్‌సైటుకు కూడా ఒక పేరు ఉంటుంది. దానినే డొమైన్ నామం అంటారు. కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెలతో గుర్తిస్తాయి. ఆ అంకెలు మనుషులకు జ్ఞాపకముండవు కనుక, పేర్లను అంకెలతో జతపరచే విధానాన్ని 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించారు. ఒక విభాగంలో ఒక పేరు ఒక్కరికే లభిస్తుంది. భారతదేశానికి కేటాయించబడిన ‘డాట్ ఇన్’ విభాగంలో నమోదు 2005 నుండి అందరికీ అందుబాటులోకి వచ్చినది.

ఒక ఉదాహరణ

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైల్వే కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. ఇక్కడి సిర్గిట్టిలో ఒక తెలుగు సమాజం తన కార్యక్రమాలను తెలియజేయడానికి వెబ్‌సైటు పెట్టుకోదలచినదని ఊహించవచ్చును. దానికి ఏ పేరు తగును?

‘బిలాస్‌పూర్’ అని మాత్రమే పెడితే చాలదు. హిమాచల్ ప్రదేశ్‌లో కూడా బిలాస్‌పూర్ కలదు. ‘సిర్గిట్టి’ అంటే ఆ చిక్కు తీరుతుంది. కాని మరొకటి ఎదురవుతుంది. రోమన్ లిపిలో ‘ట్టి’కి ‘టీ’ అక్షరం ఒకటా, రెండా? చివర ‘ఐ’ ఒకటా, ‘ఈ’లు రెండా? ‘సమాజం’ అన్న మాట కూడా ఇటువంటిదే. తెలుగువారు చివర సున్న పలుకుతారు. హిందీవారికి అది ‘సమాజ్’. ఇక ‘గీత’ వంటి పేర్లలోని ‘త’కు తెలుగువారు తరచు ‘హెచ్’ చేర్చి వ్రాస్తారు, ఉత్తరాదివారు చేర్చరు.

కావున ఎంపికకు మొదటి పరీక్ష చెవితో చేయవలెను. పేరును టెలిఫోనులో ఒక్కసారి చెప్పి, తెలుగు రాని పొరుగువారిచేత వ్రాయించవలెను. తప్పు లేకుండా వ్రాయగలిగితే ఆ పేరు మంచిది. హిందీ బడిలో చదివే మనుమడికి, విజయనగరంలోని మేనమామకు ఒకే విధంగా అందే పేరే సమాజాన్ని కలిపి ఉంచగలదు.

నియమాలు

చుక్కల మధ్య ఒక్కొక్క భాగం 63 అక్షరాలకు మించరాదు. రోమన్ లిపిలో అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే చెల్లుతాయి; అడ్డగీత మొదట గాని చివర గాని ఉండరాదు. అనుమతి ఉన్నంత మాత్రాన గీతలు, అంకెలు చేర్చడం మేలు కాదు. నోటితో చెప్పేటప్పుడు అవే జారిపోతాయి.

తెలుగు లిపిలో కూడా ‘డాట్ భారత్’ చిరునామా పొందవచ్చును. అయితే తెలుగు చదవనివారికి అది అందదు. రోమన్ పేరును ప్రధానంగా ఉంచి, తెలుగు పేరును కూడా అదే వెబ్‌సైటుకు మళ్లిస్తే రెండు ప్రయోజనాలూ సిద్ధిస్తాయి.

ఇతరుల పేరును పోలరాదు

హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధ సంస్థగా ఏర్పడిన సత్యం ఇన్ఫోవే, తన పేరులోని అక్షరాలతో ‘సిఫీ’ అనే మాటను కల్పించుకొన్నది. మరొక సంస్థ దానిని పోలిన ‘సిఫీనెట్’ను నమోదు చేయగా వివాదం సుప్రీంకోర్టుకు చేరినది. తమ పేరు ఐదుగురు వ్యవస్థాపకుల పేర్లలోని మొదటి అక్షరాలతో ఏర్పడినదని ప్రతివాదులు వాదించారు. 2004లో న్యాయస్థానం ఆ వాదనను అంగీకరించలేదు. డొమైన్ నామానికి వ్యాపారచిహ్నపు లక్షణాలు ఉన్నాయని, పోలికతో ప్రజలను భ్రమింపజేయడం తగదని తీర్పు చెప్పినది. నమోదుకు ముందు అటువంటి పేరు ఇతరులకు ఉన్నదేమో వెదకడం అందుకే అవసరం.

పేరు ఎవరిది?

డొమైన్ నామం కొనుగోలు చేసిన ఆస్తి కాదు, గడువుకు తీసికొన్నది. సాధారణంగా ఒకటి నుండి పది సంవత్సరాల వరకు నమోదు చేయవచ్చును. గడువులోగా రుసుము చెల్లించకపోతే, కొంత వ్యవధి గడచిన పిదప దానిని ఎవరైనా తీసికొనవచ్చును. కార్యదర్శి సొంత పేరుతో నమోదైన చిరునామా, రైల్వేలో ఆయనకు బదిలీ అయితే ఏమగును? రుసుము జ్ఞాపకలేఖలు ఆయనకే వెళతాయి; సమాజానికి తెలియదు. ఏళ్లుగా అందరికీ అలవాటైన పేరు ఒక్కనాడు పరాయివారి పాలవుతుంది. కావున నమోదు సమాజం పేరుతోనే జరగవలెను. సంకేతపదాన్ని కనీసం ఇద్దరు బాధ్యులు ఎరిగి ఉండవలెను. గడువు తేదీని కార్యవర్గ పుస్తకంలో వ్రాసి ఉంచవలెను.

పలు భాషలవారు ఇరుగుపొరుగున నివసించే రైల్వే పట్టణంలో పేరు గుమ్మంవంటిది. అది ఇంటివారిని ఆహ్వానించవలెను. పొరుగువారికీ దారి చూపవలెను.