ముసలి ఉపగ్రహం – కదలని డిష్

మేడమీద బిగించిన డిష్‌ను ఎవరూ రోజూ తిప్పరు. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కి.మీ. ఎత్తున ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతూ, మనకు ఒకేచోట నిలిచినట్లు కనబడటమే అందుకు కారణం. అయితే ఆ ఉపగ్రహానికీ వృద్ధాప్యం ఉంది. అది ముసలిదైనా, చెడిపోయినా మన ఇంట్లో బొమ్మ ఆగకూడదు. ఇదెలా సాధ్యం?

ముందు వృద్ధాప్యం సంగతి చూద్దాం. సూర్యచంద్రుల ఆకర్షణ ఉపగ్రహాన్ని ఉత్తర దక్షిణాలకు లాగుతూ ఉంటుంది. దాన్ని సరిదిద్దడానికి చిన్న చిన్న రాకెట్లు మండించాలి. ఇంధనం అయిపోవస్తే, లోపలి యంత్రాలు ఎంత బాగున్నా దానికి పదవీ విరమణ దగ్గరపడినట్లే. ఈ సవరణ మానేస్తే ఇంధనం ఆదా అయి మరికొన్నేళ్లు పనిచేస్తుంది. కాని అప్పుడది ఆకాశంలో రోజూ ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతుంది. వెంట తిరగగల పెద్ద ఏంటెన్నాలకు ఫరవాలేదుగాని, మన డిష్‌కు అది పనికిరాదు.

కాబట్టి పాతది ఉండగానే కొత్తదాన్ని దాని దగ్గరే నిలపడం మేలైన పద్ధతి. 2005 డిసెంబరులో ప్రయోగించిన ఇన్సాట్-4ఎ, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద టాటా స్కై ప్రసారాలు మోసింది. 2012 సెప్టెంబరులో ప్రయోగించిన జీశాట్-10ను కూడా అక్కడే నిలిపారు. ఇలా ఉంటే చానెళ్లు ఒకదాన్నుంచి మరొకదానికి మారినా డిష్ కదల్చనక్కరలేదు. పాతదాన్ని మాత్రం కాస్త ఇంధనం ఉండగానే దాదాపు 300 కి.మీ. పైకి పంపి ఆపేయాలి. లేకుంటే తరువాతివారికి దారికడ్డం.

మరి హఠాత్తుగా చెడిపోతే? 2010 జూలై 7న, 93.5 డిగ్రీల వద్దనున్న ఇన్సాట్-4బికి ఒక సౌరఫలకం నుంచి విద్యుత్తు సరిగా అందక, సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయవలసి వచ్చింది. తెలుగువాళ్లు కూడా చూసే సన్ డైరెక్ట్ చానెళ్లు దానిమీదే వచ్చేవి. ఆ సంస్థ మలేషియా వారి మియాసాట్-3కు మారింది. అది ఉన్నది 91.5 డిగ్రీల వద్ద. తేడా రెండే డిగ్రీలు! కాని చిన్న డిష్‌కు ఆ మాత్రం పక్కకు జరిగితే చాలు, సిగ్నల్ పోతుంది. అందుకని ఎవరో ఒకరు మేడెక్కి డిష్ తిప్పాల్సిందే. అదీ ఒక ఇంట్లో కాదు, ఇంటింటా.

ఖాళీగా కూర్చునే అదనపు ఉపగ్రహం దండగ ఖర్చులా కనిపిస్తుంది. అది లేని రోజున ఆ ఖర్చు లక్షల మేడలమీద లెక్కకొస్తుంది.