పరుగు సాధనలో ఎముక పగుళ్లు

పోలీసు కానిస్టేబుళ్ల ఎంపికకు గాని, సైన్యములో చేరికకు గాని ప్రకటన వెలువడినంతనే నెల్లూరు తీరగ్రామములలో తెల్లవారుజామున పరుగులు మొదలగును. మైపాడు ఇసుకపైనను, కాలువగట్లపైనను, సిమెంటు రోడ్లపైనను యువకులు 1,600 మీటర్ల పరుగునకై సాధన చేయుదురు. వారికి మైదానము చదును చేయించు పంచాయతీలు మెచ్చదగినవే. అయితే క్రింద పడకయే, దెబ్బ తగులకయే ఎముక పగులునని ఎరిగినవారు తక్కువ.

ఎముక ఎండుకట్టె వంటిది కాదు. శరీరము పాత ఎముకను కొంచెము కొంచెముగా తొలగించి, ఆ చోట క్రొత్తదానిని పేర్చుచునే యుండును. శ్రమ పెరిగినప్పుడు తొలగించుపని కొలది వారములలో ముగియును. పేర్చుపనికి నెలలు పట్టును. నిన్నటివరకు పరుగెత్తనివాడు నేటినుండి దినమునకు ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తినచో, ఈ నడిమి కాలములోనే సన్నని పగులు ఏర్పడును. కవాతు చేయు సిపాయిల పాదముల వాపును గూర్చి 1855లో ప్రష్యా సైనికవైద్యుడు బ్రైట్‌హాప్ట్ వ్రాసెను. అది పగులని తేలుటకు ఎక్స్‌రే రావలసివచ్చినది.

మన పి.వి. సింధు 2015లో ఎడమ పాదమున ఇట్టి పగులుతో నెలల తరబడి ఆటకు దూరమైనది. మరుసటి యేడు రియోలో రజతము గెలిచినది. 2022 ఆగస్టులో కామన్వెల్తు స్వర్ణము గెలిచిన పిమ్మట మరల ఎడమకాలి పగులు బయటపడగా, ప్రపంచ పోటీలనే మానుకొని 2023 జనవరిలో తిరిగి ఆడినది. మన గ్రామ యువకునికి అట్టి వెసులుబాటు లేదు. వయఃపరిమితి దాటిపోవునను భయముతో వాడు నొప్పిని దాచి, మాత్ర మ్రింగి పరుగెత్తును.

ముంగాలి ఎముకపై గాని, పాదముపై గాని ఒక్క వ్రేలితో చూపగలిగినంత చోట నొప్పి యుండి, పరుగెత్తిన కొలది హెచ్చుచున్నచో పగులును అనుమానింపవలెను. మొదటి రెండు మూడు వారములు ఎక్స్‌రేలో ఏమియు కానరాకపోవచ్చును. చిత్రము బాగున్నదని మరల పరుగునకు దిగినవారే ఎక్కువగా చెడుదురు. అట్టి అనుమానము తీర్చునది ఎం.ఆర్.ఐ. పరీక్ష. గజ్జలలో నొప్పి మరింత ప్రమాదకరము. తొడయెముక మెడ పగిలి యుండవచ్చును. పూర్తిగా విరిగినచో శస్త్రచికిత్స తప్పదు. అట్టివానిని ఆ కాలిపై నడువనీయక వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను.

ఎముక అనగానే మనకు పుత్తూరు కట్టు గుర్తుకు వచ్చును. దానిని నిందించుట మా ఉద్దేశము కాదు. కాని చిత్రము తీయక కట్టిన కట్టు పగులెక్కడనో, ఎంతయో చెప్పజాలదు. తైలమర్దనము అసలే వలదు.

ప్రకటన వెలువడక మునుపే, నెలల ముందుగా, నడకతో సాధన మొదలు పెట్టించుట పంచాయతీకి ఖర్చులేని పని. రోడ్డుపై అలవాటుపడినవానిని ఒక్కసారిగా ఇసుకపైకి మార్చరాదు. అరిగిన బూట్లు మార్పింపవలెను. రాగిసంకటి, పాలు, ముల్లుతో తినదగు ఎండు నెత్తళ్లు ఎముకకు సున్నము నిచ్చును. సాధన చేయు ఆడపిల్లలు బరువు తగ్గుటకై కడుపు మాడ్చుకొనగా నెలసరి తప్పినచో వారి ఎముకలు త్వరగా పగులును; ఈ సంగతిని ఆశా కార్యకర్త చేత అడిగించుట మేలు.

పాదము, ముంగాలి పగుళ్లు పెక్కు ఆరు మొదలు ఎనిమిది వారముల విశ్రాంతితో మానును. నొప్పి లేనిచో ఆ కాలములో సైకిలు త్రొక్కవచ్చును. పిదప వైద్యుని అనుమతితో మొదట నడక, తరువాత ఒక దినము విడిచి ఒక దినము కొద్దిపాటి పరుగు. నొప్పి తిరిగి వచ్చినచో మరల నడకయే.