వాడిన నీటి దారి

హుస్సేనుసాగరము నిండినపుడు మిగులునీరు ఒక నాలా గుండా అశోక్‌నగరు, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతములను ఒరసికొనుచు అంబర్‌పేట వైపు సాగి మూసీనదిలో కలియును. వాననీటికై ఏర్పడిన ఈ నాలా నేడు ఏడాది పొడవునను మురుగును మోయుచున్నది. దాని ఇరుప్రక్కల నివసించువారు బోరుబావుల నీటిని తోడుకొనుచునే యున్నారు. పైన పారునదియు, క్రింద ఊరునదియు వేర్వేరని తలచుట పొరపాటు.

హైదరాబాదు నగరము గ్రానైటు శిలపై నిలిచియున్నది. శిల మీద మొరము పొర, శిలలో పగుళ్లు కలవు. భూగర్భజలము నిలుచుచోట్లు ఇవియే. ఇసుక దట్టముగా నున్న నేలలో దిగు మురుగు కొంత వడకట్టబడును. పగుళ్లలో అట్టి జల్లెడ లేదు. ఒక యింటి మరుగుదొడ్డి గుంటలోని నీరు పగులు వెంట పోయి పొరుగింటి బావిని చేరగలదు. ఆ నీరు కంటికి తేటగానే కనబడును, నాలుకకు తెలియదు. మురుగువలన పుట్టు నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. మించినచో పాలుత్రాగు పసివారి రక్తము ప్రాణవాయువును మోయలేక, దేహము నీలిరంగు తిరుగును. కాచినచో సూక్ష్మజీవులు చచ్చును గాని నైట్రేటు పోదు. నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును!

1854లో లండను నగరమున బ్రాడ్‌వీధి బావినీరు త్రాగినవారికి కలరా సోకుచున్నదని జాన్ స్నో అను వైద్యుడు కనిపెట్టెను. త్రవ్వి చూడగా, ప్రక్కయింటి మురుగుగుంట గోడ శిథిలమై బావిలోనికి ఊరుచుండెను.

1908 మూసీ వరదల పిమ్మట హైదరాబాదునకు రప్పింపబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు వరదనివారణతోపాటు నగరపు మురుగుపారుదల పథకమును గూడ అప్పగించిరి. నదికి కట్టడము, వీధికి కాలువ ఒకే ఆలోచనలో ఇమిడియుండుట గమనింపదగినది. 1931 నాటి భూగర్భ మురుగుకాలువలు ఐదులక్షలకు లోపు జనమునకై ఉద్దేశింపబడినవి. జనము పెరిగెను, గొట్టములు పెరుగనిచోట మురుగు నాలాల పాలయ్యెను.

చిన్న గ్రామమైనను, కొత్త కాలనీయైనను ఇండ్లు లేవకముందే ఈ పని తలపెట్టవలెను. మొదట వాలు ఎటున్నదో, బావులు ఎచ్చట నున్నవో, శిల ఎంత లోతున తగులునో చూడవలెను. సెప్టిక్ ట్యాంకునుండి వెలువడు నీరు శుద్ధజలము కాదు. దానిని ఇంకుడుగుంటకు పంపుదురు. శిల పైకే యున్నచో ఆ గుంట త్వరలో పొంగును, లేదా పగుళ్లకు నేరుగా మురుగును అందించును. అట్టిచోట ఇండ్లన్నిటి నీటిని గొట్టములతో చేర్చి, బావులకు దిగువగా, పల్లమున శుద్ధిచేయుట మేలు. వాలు చాలినంత యున్నచో పంపులతో పనిలేదు. స్థలము కలిగిన పల్లెలలో లోతు తక్కువగల కొలనులు చాలును: ఎండలో పెరుగు నాచు ప్రాణవాయువు నిచ్చును, మేలుచేయు సూక్ష్మజీవులు మాలిన్యమును తినివేయును. అయితే కొలనుల అడుగున బంకమట్టి దట్టించనిచో ముప్పు భూమిలోనికే దిగును. పూడిక తీయువాడు, గొట్టపు అతుకులు చూచువాడు, జీతమిచ్చువాడు ఎవరో ముందే తేలవలెను. అనేక పథకములు కూలునది ఇచ్చటనే.

నగరమున అంబర్‌పేటవద్ద దినమునకు 33.9 కోట్ల లీటర్లను శుద్ధిచేయగల కేంద్రము కలదు. అచ్చటికి చేరని మురుగు మూసీలో కలిసి తూర్పున పీర్జాదిగూడ మొదలగు చోట్లకు పోవును. ఆ తీరమున రైతులు ఆ నీటితోనే పశువులకు గడ్డి పెంచిరి, వరి పండించిరి. చిక్కడపల్లి వీధిలో పారబోసిన బిందెడు నీరు ఏ పొలము మీదుగా ఏ బావికి దిగునో పారబోసినవారికి తెలియదు. ఆ బావి యజమానికి మాత్రము తెలియును.