కళ్లంలోనే కెమెరా పెట్టండి

ప్రశ్న: మాది పర్చూరు. రెండు షార్ట్ ఫిల్మ్‌లు తీశాను. పెద్ద సినిమా తీయాలంటే హైదరాబాద్ వెళ్లక తప్పదా?

జవాబు: ఇప్పుడే వద్దు. సొంత డబ్బు ఒక దారి: అమెరికాలో ఇంజనీరుగా సంపాదించిన దానితో నాగేష్ కుకునూర్ 'హైదరాబాద్ బ్లూస్' (1998) తీశారు. మీకు దగ్గరి దారి మాత్రం దర్శకుడు వెంకటేష్ మహా పట్టిన దారి. ఆయన తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' (2018)లో 80 మందికి పైగా కొత్తవాళ్లే, ఎక్కువమంది కంచరపాలెం వాళ్లే. నిర్మాత పరుచూరి ప్రవీణ గుండె డాక్టరు. సినిమా పూర్తయ్యాకే సురేష్ ప్రొడక్షన్స్ చేయి కలిపింది.

పొలం తాకట్టు పెట్టకండి. ఫోనుతో తీసినా సరే, మంచి మైకు అద్దెకు తెచ్చుకోండి. మిర్చి కళ్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్ల మాటలు ముందు రికార్డు చేయండి. ఘాటుకు వాళ్లు దగ్గితే మాత్రం కట్ చెప్పొద్దు.