కణాలకు పరంజా

మేడ కట్టేటప్పుడు మేస్త్రి పరంజా వేస్తాడు. గోడ నిలిచాక విప్పేస్తాడు. ఇప్పుడు వైద్యులు శరీర కణాలకు కూడా పరంజా వేస్తున్నారు. చర్మం, కొవ్వు వంటి మెత్తని కణజాలం పోయినచోట సన్నని రంధ్రాలున్న స్పాంజివంటి పదార్థం అమర్చితే, చుట్టూ ఉన్న కణాలు అందులోకి పాకి కొత్త కణజాలం కడతాయి. పని పూర్తయ్యేసరికి పరంజా దానంతటదే కరిగిపోవాలి.

దీని అవసరమేమిటి? మా పల్లెల్లో వేసవిలో పూరిళ్ళు అంటుకుని ఒళ్ళు కాలినవాళ్ళని చూశాను. గాయం లోతైతే తొడమీది చర్మం తీసి అతుకుతారు. ఒళ్ళంతా కాలితే చర్మం ఎక్కడనుంచి తేవాలి? అమెరికాలో సర్జన్ బర్క్, శాస్త్రజ్ఞుడు యానస్ దీనికి జవాబు వెతికారు. పశువుల కొలాజెన్‌కు సొరచేప మృదులాస్థినుంచి తీసిన పదార్థం కలిపి పరంజా చేసి, పైన సిలికోన్ పొర వేశారు. 10 మంది రోగుల్లో వచ్చిన ఫలితాలను 1981లో ప్రకటించారు. 1996లో అక్కడి ప్రభుత్వం దీని వాడకానికి అనుమతినిచ్చింది.

తయారీ విధానం

రొయ్య పెంకులతోనూ ఇటువంటి పరంజా చేయవచ్చు. పెంకుల్లోని సున్నాన్ని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, మాంసకృత్తుల్ని సజల సోడియం హైడ్రాక్సైడుతో తీసేస్తే కైటిన్ మిగులుతుంది. దాన్ని గాఢమైన క్షారంలో వేడిచేస్తే కైటోసాన్ వస్తుంది. దీన్ని 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి గడ్డకట్టిస్తారు. తరవాత శూన్యంలో ఉంచితే మంచు నీరు కాకుండానే ఆవిరై పోతుంది. మంచు స్ఫటికాలున్న చోటల్లా రంధ్రాలు మిగులుతాయి. చివరగా క్షారంతో కడిగి ఆమ్లం పోగొడతారు.

నెమ్మదిగా గడ్డకడితే పెద్ద రంధ్రాలు, వేగంగా కడితే చిన్నవి. రంధ్రం మరీ చిన్నదైతే కణం దూరలేదు. మరీ పెద్దదైతే అంటుకోడానికి చోటు చాలదు. చర్మానికి సుమారు 20 నుంచి 125 మైక్రాన్లు అనుకూలమని యానస్ బృందం తేల్చింది. నేల గుల్లగా లేకపోతే వేరు దిగదని మా నాన్న అంటుంటాడు. ఇక్కడా అదే సూత్రం. పదార్థం ఎంత ముఖ్యమో, దానిలోని ఖాళీ కూడా అంతే ముఖ్యం.

మనమేం చేయగలం?

ప్రయోగశాలలో చేసిన ప్రతి స్పాంజీ మందు కాదు. శుద్ధి, జంతువులపై పరీక్షలు, ఆపైన రోగులపై పరీక్షలు దాటాలి. 2022లో హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐ.ఐ.టి., సి.సి.ఎం.బి. కలిసి మనిషి కార్నియా పదార్థంతోనే కృత్రిమ కార్నియా ముద్రించి, మొదట కుందేలు కంటిలో అమర్చి చూశాయి.

మన భోగాపురం, పూసపాటిరేగ తీరాన రొయ్యల చెరువులున్నాయి. పెంకులకు కొదవలేదు. లెక్చరర్ల పర్యవేక్షణలో కైటోసాన్ తయారీవరకు డిగ్రీ ల్యాబులోనే చేయవచ్చు. కెమిస్ట్రీ, జువాలజీ విద్యార్థులం కలిసి వచ్చే ఏడు ఆ పని మొదలుపెడదామా?